వీనస్ అని పేరు పెడితే దేవతేనా? అపోహలు - వాస్తవాలు

ఆయిల్ పెయింటింగ్ నేర్పడం నా పని. క్లాసులో వీనస్ (రోమన్ల ప్రేమ దేవత) నగ్న చిత్రాలున్న యూరప్ పుస్తకం తీయగానే ముందు ముసిముసి నవ్వులు, ఆ తర్వాత ప్రశ్నలు. తరచూ వినేవి ఇవి.

అపోహ: స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ గీసిన వీనస్ అద్దంలో తన అందం చూసుకుంటోంది.
వాస్తవం: లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఈ బొమ్మ (1647-51) గురించే ఎక్కువ గొడవ. ఆమె మనకి వీపు పెట్టి పడుకుంది, ఆమె కొడుకు, చిన్న ప్రేమ దేవుడు క్యుపిడ్ అద్దం పట్టుకున్నాడు. ఈసారి సెలూన్ కుర్చీలో కూర్చున్నప్పుడు గమనించండి: అద్దంలో వెనకాల మనిషి కళ్లు మీకు కనిపిస్తే, అతనికీ మీ కళ్లే కనిపిస్తాయి. ఇక్కడా అంతే. ఆమె చూస్తోంది మనల్ని! పైగా అంత దూరంలో ఉన్న అద్దంలో ముఖం బాగా చిన్నగా పడాలి. ఆయన దాదాపు అసలు తలంత వేశాడు, అదీ మసకమసకగా. లెక్క తెలియక చేసిన పని కాదని నా నమ్మకం. ముఖం తేటగా వేస్తే ఫలానా ఆవిడ అని గుర్తుపట్టేస్తారు కదా.

అపోహ: మోడల్‌ని ఎదురుగా పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు దించేవారు.
వాస్తవం: ఇటలీ చిత్రకారుడు బొటిచెల్లి గీసిన 'వీనస్ జననం' చూడండి. మెడ మరీ పొడుగు, ఎడమ భుజం జారిపోయింది, ఒంటి బరువు పాదాల మీద లేదు. అలా నిలబడాలని నేనూ ప్రయత్నించాను, గోడ పట్టుకోవాల్సి వచ్చింది. చేతులు అడ్డుపెట్టుకున్న ఆ భంగిమ పాత శిల్పాల నుంచి వచ్చింది.

అపోహ: పేరు వీనస్ కాబట్టి గీయించుకున్నవాళ్లు దేవతగానే చూశారు.
వాస్తవం: ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన 'ఉర్బినో వీనస్' (1538) కొనుక్కున్న ఉర్బినో పాలక కుటుంబపు గ్విదోబాల్దో తన ఉత్తరంలో దాన్ని 'నగ్నంగా ఉన్న స్త్రీ' అని మాత్రమే రాశాడు. దాన్ని వీనస్ అని పిలిచింది తర్వాత చిత్రకారుల జీవితాలు రాసిన వసారి. బొమ్మలో క్యుపిడ్ లేడు. కాళ్ల దగ్గర కుక్కపిల్ల నిద్రపోతోంది, వెనక గదిలో పనిమనిషి పెట్టెలోకి వంగి ఏదో వెతుకుతోంది. ఇదే భంగిమలో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే 'ఒలింపియా' వేసి, దేవత పేరు పెట్టకుండా 1865లో ప్రదర్శిస్తే పారిస్ మండిపడింది. అంతకు రెండేళ్ల ముందు కబనెల్ అనే చిత్రకారుడు వేసిన నగ్న వీనస్‌ని ఫ్రాన్స్ చక్రవర్తే కొన్నాడు.

అపోహ: ఆడవాళ్లకి ఇలాంటివి గీయడం ఇష్టం లేదు.
వాస్తవం: ఇటలీ చిత్రకారిణి లవీనియా ఫొంతానా 1613లోనే రోమన్ దేవత మినర్వాని నగ్నంగా గీసింది. అడ్డు వచ్చింది ఇష్టం కాదు, క్లాసు తలుపు: నగ్న మోడల్‌ని చూసి గీసే చోటికి ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు. లండన్ రాయల్ అకాడమీని 1768లో స్థాపించినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లున్నారు. సభ్యులు నగ్న మోడల్ చుట్టూ చేరినట్టు జొఫానీ అనే చిత్రకారుడు ఒక బొమ్మ వేశాడు. మోడల్స్ మగవాళ్లే. అయినా ఆ ఇద్దరినీ గదిలో నిలబెట్టలేదు, గోడకి వేలాడే పటాలుగా వేశాడు.