విండోస్ రీస్టోర్, రికవరీ పెన్‌డ్రైవ్: జనం నమ్మేవి, అసలు జరిగేవి

ఇంట్లో వాడుకునే కంప్యూటర్లు, లాప్‌టాప్‌లు బాగుచేయడం నా పని. ఇందులో విండోస్ ఎక్కించడం తేలికే, టైమంతా పోయేది దానికి ముందు. ఫోటోలు ఎక్కడున్నాయి, ఏ మెయిల్ ఐడీతో లాగిన్ అయ్యారు, పాస్‌వర్డ్ గుర్తుందా అని అడిగి తెలుసుకోవడంలోనే సగం రోజు అయిపోతుంది. ఎక్కువగా వినే అపోహలు కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: రికవరీ పెన్‌డ్రైవ్ చేసి పెట్టుకున్నా, ఇక నా డేటా సేఫ్.

అస్సలు కాదు. అది విండోస్ పాడైతే మళ్ళీ వేసుకోవడానికి చేసుకునే పెన్‌డ్రైవ్, అందులో ఉండేది విండోస్ మాత్రమే, మీ ఫోటో ఒక్కటి కూడా ఉండదు. పైగా "రికవర్ ఫ్రమ్ ఎ డ్రైవ్" అని నొక్కారంటే మీ ఫైల్స్, మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్ అన్నీ తుడిచేసి కొత్త విండోస్ పెడుతుంది. అంటే డేటాని కాపాడుతుందని చేసుకున్నదే డేటాని చెరిపేస్తుంది. ఫైల్స్‌కి బ్యాకప్ విడిగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉండాలి, కాపీ అయ్యాక ఆ డిస్క్ కేబుల్ తీసి పక్కన పెట్టాలి, ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ (ఫైల్స్‌కి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వచ్చినప్పుడు అది కూడా పోతుంది. వన్‌డ్రైవ్ ఉంది కదా అంటారు, అది సింక్, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, పర్సనల్ అకౌంట్ అయితే రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు.

అపోహ: లాప్‌టాప్‌లోనే రికవరీ పార్టిషన్ ఉంది, ఇంకా పెన్‌డ్రైవ్ ఎందుకు?

విండోస్ పాడై డిస్క్ బాగున్నంతవరకు ఆ పార్టిషన్ (డిస్క్‌లోనే విండోస్ బాగుచేయడానికి విడిగా పెట్టిన ముక్క) చాలు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే రికవరీ మెనూ వస్తుంది, వరసగా రెండు మూడు సార్లు బూట్ ఫెయిలైనా దానంతట అదే వస్తుంది. కానీ ఎస్‌ఎస్‌డీ (లాప్‌టాప్ లోపలి డిస్క్) పోతే ఆ పార్టిషన్ కూడా దాంతోపాటే పోతుంది కదా, రెండూ ఉండేది ఒకే డిస్క్ మీద. అందుకే మెషిన్ బాగున్నప్పుడే పెన్‌డ్రైవ్ చేసుకోమంటాను, చెడిపోయాక చేసుకోవాలంటే ఇంకొకళ్ళ కంప్యూటర్ వెతుక్కోవాలి.

రెండు రకాలు ఉన్నాయి, వీటిని కలిపేయకండి. స్టార్ట్‌లో "రికవరీ డ్రైవ్" అని టైప్ చేస్తే వచ్చేది ఒకటి, దానికి కనీసం 16 జీబీ కావాలి, ఇప్పటి మెషిన్లకి 32 తీసుకోవడం మంచిది, సిస్టమ్ ఫైల్స్ బ్యాకప్ చేయాలా అనే టిక్ తీసేయకండి, తీసేస్తే రిపేర్ టూల్స్ మాత్రమే వస్తాయి, విండోస్ రాదు. రెండోది మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో చేసే ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్, దీనికి 8 జీబీ చాలు, వేరే కంప్యూటర్లకీ పనికొస్తుంది. ఒక్కటే చేసుకోవాలంటే నేను రెండోదే చేసుకోమంటా. ఏది చేసినా పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ పోతాయి.

అపోహ: ఐఎస్‌ఓ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే సరిపోతుంది.

కాదు, ఐఎస్‌ఓ అంటే విండోస్ ఇన్‌స్టాలేషన్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా కట్టింది, కాపీ చేస్తే అది అలా పడి ఉంటుంది, బూట్ అవ్వదు. లోపలివి బయటికి తీసి కాపీ చేసినా ఇబ్బందే, యూఈఎఫ్‌ఐ (ఇప్పటి మెషిన్లు ఆన్ అయ్యే పద్ధతి) బూట్‌కి మామూలుగా ఫ్యాట్32 ఫార్మాట్ కావాలి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్ చాలాసార్లు అంతకన్నా పెద్దదే. టూల్‌తోనే చేయండి.

అపోహ: డి డ్రైవ్‌లో పెట్టా, దానికేం కాదు.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సి ఒక్కటే ఫార్మాట్ చేస్తే డి ఉంటుంది, నిజమే. కానీ చాలా లాప్‌టాప్‌లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లో ముక్కలు, డిస్క్ చెడితే రెండూ పోతాయి. విండోస్ సెట్టింగ్స్‌లోంచి రీసెట్ చేసేటప్పుడు "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకున్నాక విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటేనా, అన్ని డ్రైవ్‌లా అనే ఆప్షన్ కూడా ఉంటుంది, చదవకుండా నెక్స్ట్ కొట్టేవాళ్ళు ఎంతమందో. ఇంకోటి, డెస్క్‌టాప్ మీద పెట్టింది సి డ్రైవ్‌లో ఉన్నట్టే, డౌన్‌లోడ్స్ కూడా. డెస్క్‌టాప్ వేరు, సి వేరు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అపోహ: "కీప్ మై ఫైల్స్" అంటే అన్నీ అలాగే ఉంటాయి.

ఇది రీసెట్‌లోనే వచ్చే ఇంకో ఆప్షన్, మీ డాక్యుమెంట్లు, ఫోటోలు ఉంటాయి, సాఫ్ట్‌వేర్ పోతుంది. ఏవేం తీసేసిందో ఒక లిస్టు డెస్క్‌టాప్ మీద పెడుతుంది, అంతవరకు నయం. అసలు గొడవ పాత అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో, కొన్ని వాటి డేటాని ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే దాచుకుంటాయి, ప్రోగ్రామ్‌తోపాటు లెక్కలూ పోతాయి. ముందు ఆ సాఫ్ట్‌వేర్‌లోంచే బ్యాకప్ తీయండి.

సిస్టమ్ రీస్టోర్ గురించి కూడా ఒక్క ముక్క. అది డ్రైవర్లు (వైఫై, డిస్క్ లాంటి భాగాలని పనిచేయించే సాఫ్ట్‌వేర్), రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), సిస్టమ్ సెట్టింగులని పాత తేదీకి తీసుకెళ్తుంది, డిలీటైన ఫోటోని తేదు. చాలా మెషిన్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది కూడా, ఒకసారి చూసుకోండి.

అపోహ: విండోస్ మళ్ళీ వేస్తే లైసెన్స్ మళ్ళీ కొనాలి.

ఒరిజినల్ విండోస్ 10, 11 ఉన్న మెషిన్‌లో అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది, కీ అడిగితే "ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ" నొక్కి ముందుకెళ్ళండి. మదర్‌బోర్డ్ మారిస్తే మాత్రం ఇబ్బంది రావచ్చు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఎలాగూ కొత్తగా వేస్తున్నారు కాబట్టి మెషిన్ తీసుకుంటుందంటే 11 వేసుకోండి.

అపోహ: బిట్‌లాకర్ ఆఫీసు లాప్‌టాప్‌లకే, నాకెందుకు?

బిట్‌లాకర్ అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు డిస్క్‌కి తాళం వేసేది, హోం ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా కొత్త లాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్ (మెషిన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయినా, అందులో సెక్యూర్ బూట్ అనే సెట్టింగ్ మార్చినా ఒకరోజు నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లోంచి లాగిన్ అయి చూడొచ్చు. ఇవాళే చూసి కాగితం మీద రాసుకోండి, అదే లాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేయడమంటే బీరువా తాళం బీరువాలో పెట్టి వేసుకోవడమే. కీ దొరక్కపోతే డిస్క్ తుడిచి విండోస్ కొత్తగా వేసుకోవచ్చు, పాత డేటా మాత్రం ఎవరూ తీయలేరు, తీస్తామని డబ్బులడిగేవాళ్ళని నమ్మకండి.

అపోహ: విండోస్ వేసే సెటప్‌లో డిస్క్ కనిపించలేదంటే డిస్క్ పోయినట్టే.

తొందరపడకండి. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ నుంచి చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అనే డిస్క్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, సెటప్‌లో దాని డ్రైవర్ లేకపోతే మంచి డిస్క్ కూడా కనిపించదు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్ (ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే పేరుతో ఉంటుంది) దింపి, జిప్ విప్పి పెన్‌డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్‌లో వేసి, "లోడ్ డ్రైవర్" నొక్కి చూపిస్తే కనిపిస్తుంది. వైఫై డ్రైవర్ కూడా పక్కనే వేసుకోండి, కొత్త విండోస్‌కి కొన్నిసార్లు వైఫై కార్డ్ తెలియదు, నెట్ లేకుండా నెట్ డ్రైవర్ దింపలేం కదా.

పెన్‌డ్రైవ్ అయ్యాక ఒకసారి దాంతో బూట్ చేసి చూడండి. ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి కీ ఏదో ఒకటి కొడితే బూట్ మెనూ వస్తుంది, కంపెనీని బట్టి మారుతుంది, పనిచేసిన కీ ఏదో పెన్‌డ్రైవ్ మీదే రాసి అతికించండి. భాష అడిగే స్క్రీన్ వచ్చిందంటే చాలు, ఇన్‌స్టాల్ నొక్కకుండా పవర్ ఆఫ్ చేసేయండి.