జులై 11 పండగ వెనక ఫ్లాండర్స్ కౌంట్ల కథ

బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్‌కు జులై 11 అధికారిక పండగ. 1302లో అదే తేదీన కోర్‌ట్రైక్ దగ్గర ఫ్రెంచి రాజు సైన్యం చిత్తుగా ఓడింది. ఫ్రెంచి మీద డచ్ భాష గెలిచిన రోజుగా దాన్ని చెప్పుకునేవాళ్లు చాలామంది. అక్కడి కౌంట్ల, అంటే రాజు కింద ఆ ప్రాంతాన్ని ఏలిన దొరల, వంశాలు చూస్తే మాత్రం ఈ లెక్క కుదరదు.

తొలి కౌంట్ బాల్డ్విన్, పశ్చిమ ఫ్రాంకుల (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు) రాజు చార్లెస్ కూతురు జూడిత్‌ను 862 ప్రాంతంలో లేవదీసుకుపోయాడు. రాజు మండిపడ్డాడు. పోప్ కలగజేసుకున్నాక అల్లుణ్ని ఒప్పుకోక తప్పలేదు. అలా రాజుగారి చుట్టరికంతోనే ఈ వంశం మొదలైంది.

అసలు మలుపు 1127లో. మార్చి 2న బ్రూజ్ చర్చిలో ప్రార్థన చేసుకుంటున్న కౌంట్ చార్లెస్‌ను కత్తులతో నరికేశారు. ఆయనకు పిల్లల్లేరు. ఫ్రాన్స్ రాజు ఆరో లూయీ తన మనిషి విలియం క్లిటోను గద్దెక్కించాడు. క్లిటో సుంకాలు ఎత్తేస్తానని మాటిచ్చి తప్పాడు. ఉన్ని బట్టల వ్యాపారంతో బలపడ్డ బ్రూజ్, గెంట్ పట్టణాలు ఊరుకోలేదు, ఆల్సేస్ వంశపు థియెరీ పక్షాన నిలిచాయి. 1128లో క్లిటో యుద్ధంలో గాయపడి చనిపోయాడు, థియెరీ కౌంట్‌గా నిలిచాడు. గద్దె మీద ఎవరుండాలో ఊళ్లు కూడా చెప్పగలవని అప్పుడే తేలింది. నా దృష్టిలో 1302కు బీజం ఇక్కడే పడింది.

తర్వాత ఆడబిడ్డల ద్వారా గద్దె 1191లో ఎనో వంశానికి వెళ్లింది. ఆ వంశపు మార్గరెట్‌కు రెండు పెళ్లిళ్లు. ఇద్దరు భర్తల పిల్లలూ ఆస్తి కోసం కొట్టుకుంటే, 1246లో తొమ్మిదో లూయీ మధ్యవర్తిగా కూర్చుని ఫ్లాండర్స్‌ను రెండో భర్త డాంపియేర్ కొడుకులకు రాసిచ్చాడు. వీళ్లూ ఫ్రెంచి మాట్లాడే దొరలే.

1302లో కౌంట్ గీ ఫ్రెంచి చెరలో ఉన్నాడు. ఫ్లాండర్స్ సేనను నడిపింది ఆయన కొడుకు, మనవడు. ముందు వరసల్లో నిలబడింది నేతగాళ్లు, చేతిపనులవాళ్లు. వాళ్ల చేతుల్లో గూడెన్‌డాగ్‌లు, అంటే కొసకు ఇనుప ములుకు దిగేసిన లావుపాటి దుడ్డుకర్రలు. గుర్రాల మీద వచ్చిన ఫ్రెంచి నైట్లు బురద కాలవల్లో ఇరుక్కుపోయారు. వాళ్ల బంగారు పూత మడమ ముళ్లను ఏరి చర్చిలో వేలాడదీశారు.

1384లో గద్దె పెళ్లి బంధంతో బర్గండీ డ్యూకుకు, ఆ తర్వాత హాబ్స్‌బర్గ్ రాజవంశానికి చేరింది.

పైగా నాటి కౌంటీ, అంటే కౌంట్ ఏలిన ప్రాంతం, నేటి ఫ్లాండర్స్ ఒకటి కావు. నాటి కౌంటీలో ఉన్న లిల్ నగరం ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది. నేటి ఫ్లాండర్స్‌లో ఉన్న ఆంట్‌వెర్ప్ నగరం అప్పట్లో పక్కనున్న బ్రబాంట్ ప్రాంతపు డ్యూకుది. ఆ డ్యూకు బాబాయి గాడ్‌ఫ్రీ కోర్‌ట్రైక్‌లో చనిపోయింది ఫ్రెంచి సైన్యం తరఫున.