టోటల్ బేసెస్: హోమ్ రన్లు ఎక్కువ కొట్టినవాడే ముందుంటాడా?

నేను బేస్‌బాల్ మ్యాచ్‌లకు స్కోరింగ్ చేస్తాను. సీజన్ ముగిసి లీడర్ల పట్టిక రాగానే క్రికెట్ చూసి పెరిగిన మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది టోటల్ బేసెస్ దగ్గరే. బ్యాటర్ తన హిట్‌తో మొదటి బేస్‌కు చేరితే సింగిల్, రెండోదానికి చేరితే డబుల్, మూడోదానికి చేరితే ట్రిపుల్, అన్నీ చుట్టి మళ్లీ హోమ్‌కు చేరితే (ఎక్కువగా బంతిని కంచె దాటించి) హోమ్ రన్. లెక్క చిన్నది: సింగిల్‌కు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్ రన్‌కు 4. సీజన్ మొత్తానికి వీటిని కూడితే సరి.

అపోహ: హోమ్ రన్లలో మొదటివాడే ఇందులోనూ మొదటివాడు.

వాస్తవం: 1927లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో బేబ్ రూత్ 60 హోమ్ రన్లు కొట్టాడు, అప్పటికి అదే రికార్డు. అయినా టోటల్ బేసెస్‌లో ముందున్నది అదే యాంకీస్ జట్టులోని లూ గెరిగ్. అతనివి 447, రూత్‌వి 417. గెరిగ్ హోమ్ రన్లు 47 మాత్రమే, కానీ 52 డబుల్స్, 18 ట్రిపుల్స్ కొట్టాడు. రూత్‌కు అవి 29, 8. 2001లోనూ అంతే. బారీ బాండ్స్ 73 హోమ్ రన్లతో 411 దగ్గర ఆగితే, 64 కొట్టిన సామీ సోసా 425కు చేరాడు. బాండ్స్‌కు ఆ ఏడాది 177 వాక్స్ వచ్చాయి. పిచర్ (బంతి విసిరేవాడు) నాలుగు బంతులు కొట్టదగ్గ పరిధికి బయట వేస్తే వచ్చేదే వాక్. దానివల్ల బ్యాటర్ మొదటి బేస్‌కు చేరతాడు, జట్టుకు అది ఎంతో విలువైనది, కానీ ఈ లెక్కలో దానికి సున్నా.

నా మనసుకు దగ్గరైన సీజన్ మాత్రం స్టాన్ మ్యూజియల్‌ది. 1948లో ఒక్క హోమ్ రన్ తేడాతో అతనికి హోమ్ రన్ల టైటిల్ చేజారింది. అయినా 39 హోమ్ రన్లతోనే 429 టోటల్ బేసెస్ సాధించాడు. బ్యాటింగ్ అంటే బంతిని కంచె దాటించడమే అనుకునేవాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ అంకెలే.

అపోహ: దొంగిలించిన బేస్‌లు (హిట్ లేకుండానే, పిచర్ బంతి వేసే సందులో పరుగెత్తి చేరిన తర్వాతి బేస్‌లు) కూడా కలుస్తాయి.

వాస్తవం: కలవవు. 2024లో షోహెయి ఒహ్తాని 59 బేస్‌లు దొంగిలించాడు. అతని 411 టోటల్ బేసెస్‌లో వాటి వాటా ఏమీ లేదు.

అపోహ: బ్యాటర్ ఎన్నో బేస్ మీద ఆగితే అన్ని బేస్‌లు అతని లెక్కలో వేసేస్తారు.

వాస్తవం: స్కోరర్ పని మొదలయ్యేదే ఇక్కడ. ఫీల్డర్ ఎర్రర్ (పొరపాటు) వల్ల రెండో బేస్‌కు చేరితే బ్యాటర్‌కు ఏమీ రాదు. మంచి హిట్ కొట్టి, రెండో బేస్ కోసం పరుగెత్తి ఔటైతే అది సింగిలే. ఫీల్డర్ బంతిని హోమ్‌కు విసిరిన సందులో రెండో బేస్‌కు వెళ్లినా సింగిలే. బ్యాట్ సంపాదించిందేదో, ఎదుటివాళ్లు ఇచ్చిందేదో విడదీయాలి. తొందరపడి డబుల్ రాసేస్తే బౌలింగ్ చేసే పిచర్‌కు కూడా అన్యాయమే.

1999 ప్లేఆఫ్స్‌లో మెట్స్ ఆటగాడు రాబిన్ వెంచురా 15వ ఇన్నింగ్స్‌లో, బేస్‌లన్నీ నిండి ఉండగా బంతిని కంచె దాటించాడు. గెలిచిన ఆనందంలో సహచరులు ఎదురొచ్చి ఎత్తేయడంతో అతను రెండో బేస్‌కు చేరనేలేదు. స్కోరు పుస్తకంలో పడింది సింగిల్. నాలుగు రావలసిన చోట ఒకటే!

అపోహ: టోటల్ బేసెస్ ఎక్కువుంటే స్లగింగ్ కూడా ఎక్కువే.

వాస్తవం: స్లగింగ్ అనేది సగటు. టోటల్ బేసెస్‌ను ఎట్-బ్యాట్స్‌తో (వాక్స్ లాంటివి తీసేయగా బ్యాటింగ్‌కు వచ్చిన సార్లతో) భాగించాలి. 2024లో ఆరన్ జడ్జ్ 559 ఎట్-బ్యాట్స్‌లో 392 సాధించాడు, అంటే .701. ఒహ్తానికి 636లో 411, అంటే .646.

అపోహ: పాత రికార్డులన్నీ ఈపాటికి చెరిగిపోయాయి.

వాస్తవం: 1921లో రూత్ సాధించిన 457 టోటల్ బేసెస్, ఒక సీజన్ రికార్డుగా ఇంకా అలాగే ఉంది. అందులో 85 సింగిల్స్, 44 డబుల్స్, 16 ట్రిపుల్స్, 59 హోమ్ రన్లు. అదీ 154 మ్యాచ్‌ల సీజన్‌లో. ఇప్పుడు ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతోంది.