మత్తు డాక్టర్ కులం అడిగితే కోపం తెచ్చుకోకండి

అపెండిక్స్ ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లు కూడా వేసేశారు, కానీ పేషెంట్ సొంతంగా ఊపిరి తీసుకోవడం లేదు. గుండె, బీపీ అన్నీ మామూలుగానే ఉన్నాయి, వచ్చిన మనిషికి షుగర్ కూడా లేదు. "ఇంకొన్ని గంటలు వెంటిలేటర్ మీద ఉంచాలి" అని చెప్పేసరికి బయట కూర్చున్న వాళ్లకి సగం ప్రాణం పోతుంది, మత్తు ఎక్కువ ఇచ్చేశారని గొడవ మొదలవుతుంది. నిజానికి ఇలాంటి కేసుల్లో కొన్నిటికి డోసుతో సంబంధమే లేదు. ఆ మనిషి రక్తంలో ఉండాల్సిన ఒక ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయకపోవడం అసలు కారణం.

మందు పేరు సక్సినైల్‌కోలిన్. మన ఆస్పత్రుల్లో అందరూ స్కోలిన్ అంటారు. ఇది నిద్రపుచ్చే మందు కాదు, కండరాలను కదలకుండా చేసే మందు. గొంతులోకి గొట్టం వేయాలంటే దవడ, స్వరతంత్రులు వదులవ్వాలి, ముఖ్యంగా పేషెంట్ ఏదో తినేసి అర్జెంటుగా వచ్చినప్పుడు ఆ పని క్షణాల్లో అవ్వాలి. స్కోలిన్ నిమిషం లోపే పనిచేసి, పది నిమిషాల్లోపు వదిలేస్తుంది. మానసిక వైద్యంలో షాక్ ట్రీట్‌మెంట్ ఇచ్చేటప్పుడు కూడా దీన్నే ఎక్కువగా వాడతారు.

దీని చరిత్రలో ఒక తమాషా ఉంది. 1906లోనే హంట్, టావో అనే ఇద్దరు దీన్ని జంతువుల మీద పరీక్షించారు, కానీ ఆ జంతువులకి ముందే క్యూరారే అనే, కండరాలను ఆపేసే వేరే మందు ఎక్కించి కదలకుండా చేసి ఉంచారు కాబట్టి ఈ మందు కండరాలను ఆపేస్తుందన్న సంగతే వాళ్లకి తెలియలేదు! 1949లో డేనియల్ బోవే అనే శాస్త్రవేత్త బయటపెట్టేదాకా నలభై ఏళ్లకు పైగా అది అలాగే ఉండిపోయింది.

అంత త్వరగా ఎందుకు వదిలేస్తుందంటే, రక్తంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది (ల్యాబ్ రిపోర్టుల్లో సూడోకోలినెస్టరేజ్ అని రాస్తారు), లివర్ దాన్ని తయారుచేస్తుంది. ఇంజెక్షన్ చేసిన స్కోలిన్‌లో చాలా భాగాన్ని అది కండరం దాకా చేరకముందే ముక్కలు చేసేస్తుంది, చేరగలిగేది కొద్ది శాతమే. డోసు లెక్క మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. ఎంజైమ్ లేని మనిషికి అదే డోసు ఇస్తే మందంతా కండరాల దగ్గరికి చేరి, గంటల తరబడి అక్కడే ఉండిపోతుంది. మిగతా కండరాల మందులకి వాడే నియోస్టిగ్మిన్ అనే విరుగుడు ఇక్కడ పనికిరాదు, పైగా ఉన్న కాస్త ఎంజైమ్‌ని కూడా అడ్డుకుంటుంది. చేయాల్సింది వెంటిలేటర్ పెట్టి ఓపిగ్గా ఆగడమే, మందు దానంతటదే దిగిపోతుంది, మనిషి మామూలుగా లేస్తాడు.

కానీ ఒక చోట మాత్రం అసలు పొరపాటు జరగకూడదు. నిద్ర మందు వేరు, స్కోలిన్ వేరు అన్నాం కదా, నిద్ర మందు దిగిపోయి స్కోలిన్ దిగకపోతే మనిషికి పూర్తి మెలకువ ఉంటుంది, చుట్టూ మాటలన్నీ వినిపిస్తాయి, కనురెప్ప కూడా కదపలేడు. అంతకన్నా భయంకరమైన అనుభవం నేనైతే ఊహించలేను. అందుకే కండరాల్లో బలం తిరిగొచ్చిందని నరాన్ని స్టిమ్యులేటర్‌తో పరీక్షించి చూసుకునేదాకా నిద్ర మందు ఇస్తూనే ఉండాలి.

ఇక కులం సంగతి. ప్రపంచంలో చాలా చోట్ల ఈ లోపం పూర్తిగా ఉన్నవాళ్లు చాలా అరుదు. ఆర్యవైశ్యుల్లో మాత్రం, 2017లో వచ్చిన ఒక పెద్ద జన్యు అధ్యయనం ప్రకారం, ఇతరులకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కారణం కూడా పట్టుకున్నారు, ఆ ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఎన్నో తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల్లో ఎవరికో ఉన్న మార్పు ఇది, తర్వాత వేల ఏళ్లు కులంలోనే పెళ్లిళ్లు జరగడం వల్ల ఇంతమందికి చేరింది. మేనరికం వల్లే అని చాలామంది అనుకుంటారు, అది కొంతే నిజం, గోత్రాలు వేరై ఏ చుట్టరికమూ లేని ఇద్దరు పెళ్లి చేసుకున్నా ఇద్దరిలోనూ ఆ పాత జన్యువే ఉండొచ్చు. ఇది ఒక్క కులానికే ఉన్న లోపమని ఎవరూ సంబరపడక్కర్లేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న ఆ 2017 అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలాంటి పూర్వీకుల ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల్లోకన్నా బలంగా కనిపించింది. ఎవరి కులంలో ఏ జన్యువు దాక్కుందో చాలావరకు ఇంకా తేలాల్సే ఉంది, అంతే.

ఎంజైమ్ లేకపోయినా రోజువారీ జీవితంలో ఏ తేడా ఉండదు, కాబట్టి స్కోలిన్ ఇచ్చేదాకా ఎవరికీ తెలియదు. అందుకే ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్ "మీరు వైశ్యులా?" అని అడిగితే అది వైద్య ప్రశ్నే, మామూలుగా అయితే ఆ ప్రశ్న నాకూ నచ్చదు. అయినా ఇంటిపేరు చూసి ఊహించుకోవడం కన్నా "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందా?" అని అడగడం మేలు. వాళ్లు అడగకపోతే మీరే చెప్పండి.

టెస్టు కూడా కొత్తగా వెతుక్కోవాల్సింది కాదు. కొన్ని పురుగుమందులు కూడా ఈ ఎంజైమ్‌ని పడగొడతాయి, అవి తాగిన కేసుల్లో కోలినెస్టరేజ్ చూస్తారు కాబట్టి పెద్ద ఆస్పత్రుల్లో అది దొరుకుతుంది. పుట్టుకతో ఎంజైమ్ లేనివాడి రిపోర్టు చూసి పురుగుమందు తాగాడేమో అని పొరబడే అవకాశం ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి. గర్భిణుల్లో, లివర్ జబ్బుల్లో కూడా ఈ ఎంజైమ్ కొంత తగ్గుతుంది.

ఒకసారి ఇలా జరిగిందంటే డిశ్చార్జ్ సమ్మరీలో కారణం రాయించుకోవడం మర్చిపోవద్దు, "వెంటిలేటర్ అవసరమైంది" అని మాత్రమే రాసి పంపేస్తే రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్‌కి అది దేనికీ పనికిరాదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒక్కో చెడ్డ కాపీ వస్తేనే లోపం పూర్తిగా ఉంటుంది, అంటే ఆ పేషెంట్ అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నట్టే. వాళ్లందరికీ టెస్టు చేయించి, తేలినవాళ్ల పర్సులో "స్కోలిన్ ఇవ్వొద్దు" అన్న కార్డు పెట్టాలి. దాని బదులు రోక్యురోనియం లాంటి వేరే మందులు ఉన్నాయి, ముందే తెలిస్తే ఏ మత్తు డాక్టర్‌కైనా ఇది పెద్ద సమస్యే కాదు.