మిస్టరీ నవలలకు ఈ పేర్లన్నీ ఎవరు పెట్టారు?

తలుపులకు లోపలి నుంచి గడియ. గదిలో తల్లీకూతుళ్ల హత్య. హంతకుడు ఎలా వచ్చాడో, ఎలా పోయాడో ఎవరికీ అర్థం కాదు. 1841లో ఎడ్గార్ ఏలన్ పో రాసిన ‘ది మర్డర్స్ ఇన్ ద ర్యూ మోర్గ్’ కథ ఇది. ఈరోజు దీన్ని ఎవరికిచ్చినా ‘లాక్డ్ రూమ్ మిస్టరీ’ అని ఠక్కున చెప్పేస్తారు. పోకి మాత్రం అలాంటి పేరేదీ తెలియదు. తన కథల్ని ఆయన తర్కంతో నడిచే కథలు అనుకున్నాడు, అంతే.

మిస్టరీలో ఉపశాఖల చరిత్ర అంతా దాదాపు ఇలాగే నడిచింది. ముందు కథ వస్తుంది, పేరు ఎప్పుడో తర్వాత వస్తుంది. ఆ పేరు పెట్టేది కూడా చాలాసార్లు రచయిత కాదు. పాత రకం మీద చిరాకు పడినవాడో, పుస్తకం అమ్ముకోవాల్సినవాడో పెడతాడు.

1920ల దాకా విభజన మీద ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. ఆ దశకంలో ఇంగ్లండ్‌లో అపరాధ పరిశోధన నవల అంటే పాఠకుడికీ రచయితకీ మధ్య ఆట అనే భావన బలపడింది. ఆట అన్నాక రూల్స్ కావాలి కదా. 1926లో అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ వచ్చినప్పుడు ఆ ముగింపు న్యాయమా, మోసమా అని వాదులాడుకున్నారు. (చదవనివాళ్లు ఉంటారు కాబట్టి అంతకుమించి చెప్పను.) 1928లో అమెరికాలో ఎస్.ఎస్. వాన్ డైన్ ఇరవై నియమాలు రాశాడు. మరుసటి ఏడు ఇంగ్లండ్‌లో రోనాల్డ్ నాక్స్ పది రాశాడు. ఈయన చర్చి ఫాదర్ కూడా, అందుకే కాబోలు బైబిల్ ఆజ్ఞల్లా సరిగ్గా పది! రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికీ వెంటనే చూపించాలి, ఇలా సాగుతాయవి. ఈ చట్రంలో ఇమిడిన నవలలకే తర్వాత ‘క్లాసిక్’, ‘సంప్రదాయ’ అనే ముద్ర పడింది.

వర్గీకరణ పిచ్చి కథలోకే దూరిన సందర్భం కూడా ఉంది. జాన్ డిక్సన్ కార్ 1935 నవల ‘ది హాలో మ్యాన్’ 17వ అధ్యాయంలో డిటెక్టివ్ డాక్టర్ ఫెల్ కేసు పక్కన పెట్టి, మూసిన గదిలో హత్య ఎన్ని రకాలుగా చేయొచ్చో వరసపెట్టి ఉపన్యాసం ఇస్తాడు. మనం ఉన్నది డిటెక్టివ్ కథలోనే, కాదని నటించడం దేనికి అని కూడా అంటాడు. ఒక ఉపశాఖ తన పేరు తానే చెప్పుకున్న ఇలాంటి ఘట్టం ఇంకోటి నాకైతే గుర్తు రావడం లేదు.

ఇదే కాలంలో అమెరికాలో వేరే గాలి వీస్తోంది. 1920లో మొదలైన ‘బ్లాక్ మాస్క్’ పత్రిక వెనక సాహిత్య ఆశయమేమీ లేదు. నష్టాల్లో ఉన్న ఇంకో పత్రికను నిలబెట్టుకోవడానికి దాని సంపాదకులే దీన్ని పెట్టారు. అందులో రాసిన డాషియల్ హామెట్ అంతకుముందు నిజంగానే ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసినవాడు. వీధి భాష, తుపాకులు, లంచాలు, ఎవరినీ నమ్మని హీరో: ఇదే ‘హార్డ్‌బాయిల్డ్’. 1944లో అదే దారిలో రాసిన రేమండ్ చాండ్లర్ ఒక వ్యాసంలో ఇంగ్లిష్ పద్ధతిని ఏకిపారేసి, కారణం ఉండి హత్య చేసేవాళ్ల చేతికే హత్యను హామెట్ తిరిగి అప్పగించాడన్నాడు. నా దృష్టిలో రెండు వర్గాల మధ్య గోడ అక్కడే గట్టిపడింది. అసలు చూస్తే హామెట్ నవల ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో కూడా ఎవరు చంపారన్న ప్రశ్న ఉంది, దానికి క్లూ కూడా ఉంది.

యూరప్‌లో పేరు పెట్టే పని రంగులు చేశాయి. ఇటలీలో మొండడోరి సంస్థ 1929లో పసుపు అట్టలతో క్రైమ్ నవలలు తెచ్చింది. దాంతో ఆ భాషలో ‘జాల్లో’, అంటే పసుపు, అన్న మాటే ఈ రకం కథలకు పేరైపోయింది. ఫ్రాన్స్‌లో 1945లో మొదలైన ‘సెరీ న్వార్’ నల్లటి అట్టలతో వచ్చింది. ‘న్వార్’ అంటే నలుపే.

పోలీస్ ప్రొసీజరల్ సంగతి తేలిక. ఒక్క మేధావి బదులు స్టేషన్ మొత్తం కష్టపడుతుంది. 1956 నుంచి ఎడ్ మెక్‌బెయిన్ ‘87వ ప్రీసింక్ట్’ సిరీస్ దాన్ని స్థిరపరిచింది.

జపాన్‌లో గొడవ ఇంకా సూటిగా జరిగింది. పజిల్ ప్రధానమైనవాటిని ‘హొంకకు’ అన్నారు, అంటే అసలు సిసలు రకమని. 1958లో మత్సుమొతో సెయ్‌చో ‘పాయింట్స్ అండ్ లైన్స్’ పుస్తకంగా వచ్చాక, నేరం వెనక ఉన్న సమాజాన్ని చూపే ధోరణి ముందుకొచ్చింది. 1987లో అయత్సుజి యుకితో మళ్లీ ద్వీపం, వింత ఇల్లు, వరస హత్యలతో పజిల్‌ను వెనక్కి తెచ్చాడు. దానికి ‘కొత్త హొంకకు’ అని పేరు.

‘కోజీ’ కూడా ఇలాంటి ప్రతిస్పందనే. రక్తపాతం ఎక్కువైందనుకున్న పాఠకులకు, చిన్న ఊళ్లో మామూలు మనిషి చేసే పరిశోధన హాయినిచ్చింది.

ఇప్పుడు ఈ తగవులన్నీ అంకెల్లోకి చేరాయి. అమెరికా పుస్తక వ్యాపారం వాడే బైసాక్ పట్టికలో మిస్టరీ అంటే ఎఫ్ఐసీ022. చివర 010 వస్తే హార్డ్‌బాయిల్డ్, 020 వస్తే పోలీస్ ప్రొసీజరల్, 060 చారిత్రకం, 070 కోజీ. ఉంబెర్తో ఎకో ‘ది నేమ్ ఆఫ్ ద రోజ్’ 1327లో ఒక మఠంలో జరిగే హత్యల కథ. పరిశోధించేది సన్యాసి, ఆయన పేరులో బాస్కర్‌విల్ అని షెర్లాక్ హోమ్స్‌కు ఒక నమస్కారం, మధ్యలో పేజీలకు పేజీలు మత చర్చ. అది చారిత్రకమా, సంప్రదాయ మిస్టరీనా, అసలు మిస్టరీ అరలోనే ఉండాలా? కోడ్ వేసే మనిషి మాత్రం ఏదో ఒకటి ముందు రాయాల్సిందే.