ఇంజన్ లాగుతుంది సరే, ఆపేదెవరు? ట్రైలర్ల మీద అపోహలు - వాస్తవాలు

చిత్తూరులో ట్రైలర్లు కట్టడం, రిపేరు చేయడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది. మామిడి సీజన్ వచ్చిందంటే షెడ్డు ముందు ఇదే మాట: "అన్నా, ట్రాక్టర్ దొరకలే. పికప్‌కు వెనక ట్రైలర్ తగిలించే హుక్కు కొట్టియ్యి, బంగారుపాళ్యం మార్కెట్ దాకే గదా." కొట్టనని చెప్తే కోపం చేసుకుంటారు. ఎందుకు కొట్టనో రాస్తున్నా.

అపోహ: ఇంజన్‌కు సత్తువ ఉంటే చాలు, ఎంతైనా లాగొచ్చు.

వాస్తవం: లాగడం కాదు, ఆపడం కష్టం. లోడుతో పికప్ మూడు టన్నులు, కాయతో కలిపి ట్రైలర్ నాలుగు టన్నులు అనుకోండి. మన దగ్గర తిరిగే ట్రైలర్లలో చాలావాటికి బ్రేకులే లేవు. మూడు టన్నులకు చేసిన బ్రేకులు ఏడు టన్నుల్ని ఆపాలి. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. మొగిలి ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే లైనర్లు కాగిపోయి పట్టు వదిలేస్తాయి. ఇక వెనకున్న ట్రైలరే ముందు బండిని తోస్తుంది. మలుపులో అయితే రెండూ కత్తెర మాదిరి మడుచుకుంటాయి.

చాలా ఏళ్ల కిందట తెలిసినాయన బతిమాలితే ఒక పికప్‌కు హుక్కు వెల్డింగ్ చేసిచ్చినా. ఘాట్‌లో ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) దగ్గర ఆ హుక్కు విరిగి ట్రైలర్ ఊడిపోయింది. ఆ నిమిషంలో రోడ్డు మీద ఎవరూ లేరు కాబట్టి ప్రాణాలు దక్కినాయి. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఛాసిస్ ఇనుము బలం పోతుందని తెలిసి కూడా చేసినా. తప్పు నాదే. గొలుసు కూడా వేయలేదు. అప్పటి నుంచి నా షెడ్డు నుంచి పోయే ప్రతి ట్రైలర్‌కూ రెండు గొలుసులు, డ్రాబార్ (ట్రైలర్‌ను ముందు బండికి కలిపే కడ్డీ) కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి పంపుతున్నా. హుక్కు పిన్ను ఊడినా డ్రాబార్ రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీదే ఆగుతుంది.

అపోహ: బరువు వెనక్కి సర్దితే ముందు బండికి తేలిక.

వాస్తవం: వెనక బరువెక్కితే ట్రైలర్ ముందు భాగం హుక్కు దగ్గర పైకి లేస్తుంది. ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఇరుసుకు కొంచెం ముందు వైపే బరువు ఎక్కువ ఉండాలి. ఊపు మొదలైతే ఒక్కసారిగా బ్రేకు కొట్టకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం తగ్గనివ్వండి.

అపోహ: పికప్‌కు ఇన్సూరెన్స్ ఉంది, ట్రైలర్‌కూ అదే.

వాస్తవం: ఎక్కువ మంది మునిగేది ఇక్కడే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దాని రిజిస్ట్రేషన్ దానికి ఉండాలి, బీమా ఉండాలి. మీ గూడ్స్ పాలసీ తీసి, ఏ వాడకానికి వర్తించదో రాసిన భాగం చదవండి. చెడిపోయిన బండి ఒకదాన్ని కిరాయి లేకుండా లాక్కెళ్లడం తప్ప, ట్రైలర్ లాగుతుండగా జరిగినదానికి పాలసీ వర్తించదని మామూలుగా రాసి ఉంటుంది. షరతు మీరినట్టు తేలితే, బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించి, ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టు) చెప్పొచ్చు. అప్పుడు అమ్ముడుపోయేది తోట. మీ సొంత బండి రిపేరు క్లెయిమ్ మీద కూడా ఆశ పెట్టుకోకండి.

అపోహ: పట్టుకుంటే వెయ్యో రెండు వేలో కట్టి పోవచ్చు.

వాస్తవం: అదే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. మించిన సరుకు దించేదాకా బండి కదలనివ్వరు, దించే ఖర్చూ మీదే. తూకానికి ఆగకపోతే 40,000. ఓవర్‌లోడు జరిమానా నడిపినవాడికే కాదు, నడపమన్న ఓనరుకూ వర్తిస్తుంది. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ప్రకారం ఐదేళ్ల దాకా జైలు.

అపోహ: కాయ కోసిన కూలీలు లోడు మీద కూర్చుంటే ఏం కాదు.

వాస్తవం: గూడ్స్ బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి బీమా కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పొద్దంతా ఎండలో కాయ కోసిన ఆడకూతురు అలసటతో ట్రైలర్ మీద కునికిపాట్లు పడుతుంటే ఒక్క గుంత చాలు కిందపడడానికి. ఆమె ఇంటికి పరిహారం ఎవరిస్తారు? సాయంత్రం వాళ్లకొక ఆటో మాట్లాడండి. ఆ కిరాయి కాయ ఖర్చులోనే రాసుకోండి.