బరువు, పిప్పిపళ్లు: విడిపోయిన రెండు లెక్కలు

లావుగా ఉన్న పిల్లలకు పళ్లు ఎక్కువ పుచ్చుతాయా? అడగడానికి సులువైన ప్రశ్నే. జవాబు మాత్రం ఇప్పటికీ తిన్నగా రాదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ప్రపంచంలోనే తొలి దంతవైద్య కళాశాల మొదలైంది. పళ్లకు మంచి వైద్యం దొరికింది. కానీ అప్పటినుంచి నోరు ఒక వైద్యుడికి, మిగతా ఒళ్లు మరో వైద్యుడికి పంచినట్టయింది. పుచ్చినవి, ఊడినవి, సిమెంటు పెట్టినవి కలిపి లెక్కపెట్టే పద్ధతి 1938లో వచ్చింది. ఎత్తూ బరువులతో తీసే పాత కొలతకు 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. రెండిటికీ ఒక తేడా ఉంది. బరువు ఈ రోజు ఎంతో చెబుతుంది. పన్ను మాత్రం చిన్నప్పటి నుంచీ తిన్నదంతా దాచుకుంటుంది. ఈ రెండు కొలతలు ఒకదానికొకటి చక్కగా సరిపోలాలని ఆశించడమే తప్పనిపిస్తుంది నాకు.

నోట్లోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయని, పంటిని తినేసేది ఆ ఆమ్లమేనని 1890లో మిల్లర్ అనే దంతవైద్యుడు వివరించాడు. తర్వాత 1940లలో స్వీడన్‌లోని విపెహోల్మ్‌లో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల చికిత్సాలయంలో, రోగులకు పళ్లకు అంటుకునే టాఫీలు తినిపించి చూశారు. భోజనంతో పాటు తిన్న తీపి కంటే, మధ్యమధ్యలో తిన్న టాఫీలే పళ్లను ఘోరంగా పుచ్చించాయి. కాదనలేని నిస్సహాయుల మీద చేసిన పరీక్ష అది. దాని ఫలితం వాడుకునే ప్రతిసారీ వాళ్లను గుర్తుచేసుకోవాలి.

అసలు చిక్కుముడి అక్కడే ఉంది. పదిహేనేళ్ల పిల్లవాడు కూల్‌డ్రింకు సీసా మధ్యాహ్నం తెరిచి, చదువుకుంటూ సాయంత్రం దాకా గుక్కగుక్కగా తాగాడనుకోండి. ఒకేసారి గటగటా తాగినా బరువుకు అదే లెక్క. పంటికి అలా కాదు. ప్రతి గుక్కకీ కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. లాలాజలం దాన్ని విరిచేయడానికి అరగంటో ఇంకా ఎక్కువో పడుతుంది. ఈలోపే ఇంకో గుక్క. బరువు ఎంత తిన్నామో చూస్తుంది, పన్ను ఎన్నిసార్లు తిన్నామో కూడా చూస్తుంది. పైగా పన్నెండేళ్ల ప్రాయంలో వచ్చే రెండో దవడపళ్ల ఎనామెల్ ఇంకా లేతగానే ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే చిరుతిండి సొంత ఇష్టానికి వస్తుంది.

అందుకే అధ్యయనాలు ఒక్క మాట మీద నిలవలేదు. 2006లో అమెరికా పిల్లల లెక్కల్లో, బరువెక్కువ ఉన్నవాళ్లకు పిప్పి ఎక్కువని తేలలేదు. 2008లో స్వీడన్‌లో చూస్తే, ఊబకాయం ఉన్న పదిహేనేళ్లవాళ్లకు పళ్ల సందుల్లో పుచ్చు ఎక్కువగా కనిపించింది. ఫిలిప్పీన్స్‌లో 2011లో వెలువడిన అధ్యయనం ఇంకో వైపు చూపించింది. చీము పట్టేదాకా పుచ్చిన పళ్లున్న పన్నెండేళ్ల పిల్లల్లో బక్కచిక్కినవాళ్లు ఎక్కువ. దవడ సలుపుతుంటే ఒకవైపే నమిలి, సగం కంచం వదిలేసి, రాత్రి నిద్రపట్టక దొర్లే పిల్ల ఎలా ఒళ్లు చేస్తుంది? వీటన్నిటి వెనకా పేదరికం ఉండనే ఉంది.

తీపి నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతం దాటకూడదని, 5 శాతంలోపైతే ఇంకా మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ సలహాకు బరువు, పళ్లు రెండూ ఆధారమే. అయినా చాలాచోట్ల బరువు చూసే గదిలో నోరు తెరవమని అడగరు. పళ్లు చూసే గదిలో ఆ పిల్ల సరిగా తినగలుగుతోందా అని అడగరు.